ముప్పై ఒకటో తునకలో కొండ ఉడత

203వ రోజు

ఇవాళ కూడా పలికింది.

ఆరు గంటలకు స్పీకర్ పెట్టాను. మూడు నిమిషాల పాటు దాని గొంతే దానికి వినిపించాను. రేకు డబ్బాలో ఎండు కాయలు పోసి ఆడించినట్టుంటుంది ఆ అరుపు. తర్వాత కట్టేసి, చెవియంత్రం పెట్టుకుని మద్ది మానుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆరూ ఎనిమిదికి తూర్పు వైపు నుంచి జవాబొచ్చింది. పలచగా, దూరంగా. ఈ నెలలో ఇది పదకొండోసారి.

కొండ ఉడత. తోకతో కలిపి గజం పొడవుంటుంది. నేల మీదికి దిగదు. కొమ్మ మీంచి కొమ్మకే దాని ప్రయాణం. చెట్లు ఎక్కడ ఆగిపోతే దాని లోకం అక్కడ ఆగిపోతుంది. ఈ అడవి తునకలో దాని లోకం నూట పద్నాలుగు ఎకరాలు. చుట్టూ సోలార్ పలకలు. నా లోకమూ అంతే, కాకపోతే కాపలాకు నాకు జీతం ఇస్తారు.

కంటితో మాత్రం ఇంతవరకు చూడలేదు. పైకొమ్మల్లో ఆకులతో కట్టిన గూళ్లు రెండున్నాయి, రెండూ పాతవే. అయినా అడవుల మండలికి పంపే లెక్కల పుస్తకంలో ‘కొండ ఉడత: ఉంది’ అని రాశాను. వినడం కూడా సాక్ష్యమే అని నియమాల్లో ఉంది. ఆ పుస్తకంలో అంకెలు తప్ప వేరేవి పట్టవు. పట్టనివి ఇందులో రాసుకుంటున్నాను.

206వ రోజు

పలకల మధ్య పట్టాల మీద సరుకుల బండి వచ్చింది. పన్నెండు రోజులకొకసారి వస్తుంది. నడిపే మనిషి ఉండడు. పదకొండు నిమిషాలు ఆగి, గంట కొట్టి వెళ్లిపోతుంది. ఆ పదకొండు నిమిషాల్లో ముప్పై కిలోల బియ్యం, పప్పులు, బ్యాటరీలు దింపుకోవాలి. ఒకసారి ఆలస్యమై సగం బియ్యం దాంతోనే వెళ్లిపోయాయి.

ఈసారి బియ్యంతో పాటు మండలి నుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. ఈ ఏడాది ఒక్క చెట్టుబాటకే అనుమతి ఉందట. రెండు తునకల మధ్య అరవై మీటర్ల వెడల్పున పలకలు పీకేసి చెట్లు నాటుతారు. అవి ఎదిగేదాకా పైన తాళ్ల వంతెనలు కడతారు. రెండు వైపులా నేల దిగని ప్రాణి ఒకే రకంది ఉండాలి, ఒక్కోచోట ఒంటిగా బతకలేనంత తక్కువ ఉండాలి. ఈ రెండు షరతులకూ సరిపోయిన జంటలు రెండే: ఎనిమిది–తొమ్మిది, ముప్పై ఒకటి–ముప్పై రెండు. అక్కడ రాత్రుళ్లు కొమ్మల మీద పాకే దేవాంగపిల్లి. ఇక్కడ మా ఉడత.

ఆ కాగితం మూడుసార్లు చదివాను. మా జంట పేరు ఉందంటే ముప్పై రెండులో కూడా ఉడత ఉన్నట్టే కదా. నా ఉడతకు అవతల ఇంకొకటి ఉంది. మధ్యలో నాలుగు వందల మీటర్ల పలకలు.

ముప్పై రెండు కాపలాదారు కాంతమ్మ. ఆ తునక తొంభై ఆరెకరాలే. వందకు తక్కువైన తునకను ఒంటిగా ఉంచరు. బాట పడితే రెండూ కలిసి ఒక అడవి అవుతాయి, నిలబడతాయి. పడకపోతే ముప్పై రెండు రద్దయి, అక్కడ కూడా పలకలు వస్తాయి. బాట రాకపోయినా నా తునక నాకుంటుంది. ఆవిడకు ఉండదు.

207వ రోజు

సాయంత్రం నాలుగింటికి రేడియో. పక్కపక్క తునకల కాపలాదారులు లెక్క మాటలు మాట్లాడుకోకూడదు. ఒకరి మాట విని ఇంకొకరు అంకె రాస్తారని మండలి భయం. అందుకని మేం వంట మాటలే మాట్లాడుకుంటాం.

“ఏటమ్మాయ్, ఏం ఒండేవ్?”

“కందిపప్పు, పిన్నీ.”

“నిన్నా కందిపప్పే.”

“మొన్న కూడా.”

“అంత సదువు సదివించి పప్పొక్కటే నేర్పేరేటి మీ కాలేజీలో?”

“అది కూడా అక్కడ నేర్పలేదు. ఇక్కడికొచ్చాకే. మీరేం వండారు?”

“ఎదురుపొదలో లేతకొమ్ముల కూర. వాసనొత్తందా?”

“గాలి అటువైపు ఉంది.”

“మీ సదువుకున్నోళ్లకి గాలి ఎప్పుడూ అటేలే.”

ఆవిడకు అరవై రెండేళ్లు. ఆ కొండ మీదే పుట్టింది. కొండలన్నీ ఒకటిగా ఉన్న రోజుల్లో పోడు కొట్టుకుని సామలు పండించుకున్న కుటుంబం. పలకలు వచ్చినప్పుడు ఊరందరూ డబ్బు తీసుకుని దిగిపోయారు. ఆవిడ దిగనంటే కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఇరవై ఏడేళ్లుగా అక్కడి నుంచి అడుగు బయట పెట్టలేదట. ఇదంతా ఆవిడ చారు గురించీ చింతచిగురు గురించీ చెబుతున్నప్పుడు మధ్యమధ్యలో తెలిసిందే.

మేం ఒకరి మొహం ఒకరం చూడలేదు. తూర్పు అంచున నిలబడితే, అవతలి అంచున దండెం మీద ఆరేసిన చీర కనిపిస్తుంది. ఎక్కువగా పసుపుపచ్చది. అప్పుడప్పుడు దాని పక్కన కదిలే చుక్క.

ఒక సంగతి ఇక్కడ రాయాలి. స్పీకర్ తునక మధ్యలో పెట్టాలని నియమం. నేను వచ్చిన రెండో నెలలోనే దాన్ని తూర్పు అంచుకు మార్చాను. మండలి పుస్తకంలో ‘మధ్యలో’ అనే రాస్తున్నాను. మార్చడానికి కారణాలు చాలా చెప్పగలను. అసలు కారణం ఒకటే. అక్కడ కూర్చుంటే మనిషి కనిపిస్తుంది.

211వ రోజు

పక్షుల లెక్క. నేను వచ్చినప్పుడు అరవై ఒక్క రకాలు, ఇప్పుడు అరవై నాలుగు. మండలి వాళ్లు అభినందనలు పంపారు.

కొత్తగా చేరినవి ఏమిటో చూస్తే నవ్వు రాదు. గోరింకలు, కాకులు, పిచ్చుకలు, పలకల మీద వేడికి చచ్చిన పురుగులు ఏరుకునేవి. పలకల మీంచి వేడిగాలి అంచు దాటి అరవై అడుగులు లోపలికొస్తోంది. అక్కడ ఆకు ఎండిపోతుంది, పులికంప పొద అల్లుకుంటుంది, ఎలుకలు చేరతాయి. నా తునక కీరదోసకాయలా పొడుగ్గా ఉంటుంది. ఎటు నుంచి కొలిచినా అంచే ఎక్కువ. లోపలి చీకట్లో నేల మీద మెల్లగా తిరిగేవి, ఎండ తగిలితే దాక్కునేవి ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. లెక్క పెరుగుతోంది, అడవి తగ్గుతోంది. గడి నింపేటప్పుడు రెండూ ఒకే గడిలో పట్టవు.

అడవికోళ్లలో ఈ ఏడాది మూడు పిల్లలకు ముక్కు వంకర. అన్నీ ఒకే ఇంటి పిల్లలు, ఒకే ఇంటి కోడళ్లు. మేనరికాల్లో మేనరికాలు. బయటి సంబంధం తేవాలంటే దారి లేదు.

పెద్దకాయలు కాసే చెట్లు ఏడు చూశాను. కాయలు కింద పడి అక్కడే కుళ్లుతున్నాయి. మోసుకెళ్లి వేరేచోట పారేసేవాళ్లు లేరు. చుట్టూ ఒక్క మొక్క లేదు. చూస్తే పచ్చగా, నిండుగా ఉంటాయి. బతికే ఉన్నాయి, కానీ వాటి కథ అయిపోయింది.

ఉడత ఉంటే ఆ కాయలు కదలాలి కదా? ఈ ప్రశ్న ఇవాళే వచ్చిందా, ముందే వచ్చి పక్కన పెట్టానా?

214వ రోజు

రాత్రంతా వాన. పొద్దుటికి గాలి తూర్పు నుంచి, ఆకాశం కడిగినట్టుంది. మామూలుగా నేను వినను, చెవియంత్రం వింటుంది. అది జంతువు గొంతు మాత్రం ఉంచి మిగతా శబ్దాలు కత్తిరించేస్తుంది. ఇవాళ వాన నీళ్లు పోయి అది పని చెయ్యలేదు. నా చెవులతోనే విన్నాను.

ఆరింటికి పిలుపు పెట్టాను. ఆరూ ఎనిమిదికి జవాబు. చివర్న, అరుపు ఆగబోయే ముందు, సన్నగా లారీ హారన్ వినిపించింది.

లారీలు ఆగిపోయి ముప్పై ఏళ్లయింది.

ఆ హారన్ నాకు బాగా తెలుసు. నా స్పీకర్లో రోజూ వింటాను. ఎవరో అరవై ఏళ్ల క్రితం ఘాట్ రోడ్డు పక్కన నిలబడి ఉడత అరుపు రికార్డు చేశారు. చివర్న మలుపు దగ్గర ఏదో లారీ హారన్ కొట్టింది. ఇప్పుడు అన్ని తునకలకూ ఆ ఒక్క రికార్డే ఇచ్చారు.

గుడిసెలోకి వచ్చి, ఇన్నాళ్లూ చెవియంత్రం నుంచి ఎక్కించి ఉంచిన జవాబులన్నీ తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాను. పద్నాలుగు దెబ్బలు, విరామం, తొమ్మిది దెబ్బలు, విరామం, మళ్లీ పద్నాలుగు. అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. ప్రాణమున్నదేదీ అంత కచ్చితంగా రెండుసార్లు అరవదు.

ఇన్నాళ్లూ నేను ఒక స్పీకర్‌ని ఉడత అని రాశాను.

215వ రోజు

నాలుగింటికి వంట మాటలు రాలేదు. నేనే మొదలుపెట్టాను.

“పిన్నీ, లెక్క మాట ఒకటి అడగాలి.”

“వొద్దు. రూలు.”

“మీరు ఉడత పిలుపు ఎన్నింటికి పెడతారు?”

ఆవిడ గొంతు తగ్గించింది.

“ఎవరికీ సెప్పవు కదా?”

“చెప్పను.”

“ముందు నేనెట్టను. అదే పలుకుద్ది. పడమటేపు అంచు కాడ, సరిగ్గా ఆరింటికి, గడియారం మింగినట్టు. అప్పుడు నేను జవాబెడతాను.”

“జవాబెందుకు? విని రాసుకోమనే కదా చెప్పారు.”

“ఎందుకేటి? ఒంటిది పాపం. పొద్దుటే లేసి అంతలా అరుత్తుంటే ఒక్కరూ పలక్కపోతే ఎలాగ? ఎవరూ లేరనుకుని ఎటో ఎల్లిపోదూ?”



“పిన్నీ, ఆరింటికి అరిచేది నేను.”

“నువ్వా? నువ్వు ఉడతలాగా అరుత్తావేటే?”

“నా స్పీకర్. అంచు మీద పెట్టాను. మీరు దానికి జవాబిచ్చారు. మీ జవాబు విని నేను ఉడత ఉందని రాశాను. నా పిలుపు విని మీరు రాశారు.”

“నేను అరవయ్యేళ్లు కొండ మీద బతికేను. నాకు ఉడత గొంతుకీ డబ్బా గొంతుకీ తేడా తెలవదా?”

“నాకూ తెలియలేదు.”

“నీకెలా తెలుసుద్ది, నువ్వు పుస్తకాల మనిషివి.” అని ఆగింది. “ఇరవయ్యేళ్లు లోపలంతా తిరిగేను. ఎక్కడా కంటికి పడలేదు. బెదురు ఉడత కదా, దాక్కుందనుకున్నాను.”

“రేపు పొద్దున ఇద్దరం పెట్టకుండా కూర్చుందామా?”

రేడియో కట్టేసింది.

216వ రోజు

ఆరింటికి తూర్పు అంచున కూర్చున్నాను. స్పీకర్ కట్టేసి ఉంది. అవతల పసుపుచుక్క కూడా వచ్చి కూర్చుంది. వచ్చింది! అంతవరకు సంతోషం.

ఆరు. ఆరూ ఎనిమిది. ఆరున్నర.

పలకల మీద ఎండ ఎక్కుతుంటే రేకులు టిక్కు టిక్కుమని సాగాయి. గోరింకల గొడవ. కాకి. ఒక అడవికోడి, అది కూడా వెంటనే మానేసింది. ఈ రెండొందల పదహారు రోజుల్లో నేను నిజంగా విన్నది ఇవాళే అనిపించింది. మిగతా రోజులన్నీ నాకు కావలసింది విన్నాను.

ఎనిమిదయింది. ఆ చుక్క కదల్లేదు, నేనూ కదల్లేదు. తొమ్మిదింటికి పలకలు తుడిచే యంత్రాలు బ్రష్షులు తిప్పుకుంటూ మొదలయ్యాయి. ఆ మోతలో ఇక ఏం వినిపించదు. పసుపుచుక్క లేచి, కాసేపు నిలబడి, చెట్లలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం రేడియోలో ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది. అదే భయమేసింది.

“ఏం రాత్తావ్?” అంది.

“తెలీదు, పిన్నీ.”

“నీకేం పోయింది? సున్నా రాసేసి ఇంకోసోటికి బదిలీ ఎట్టించుకుంటావ్. నీ సున్నా నా ఇల్లు. అది గుర్తెట్టుకుని రాయి.”

“ఒక్క ఉడత కోసం కాదు కదా బాట. కప్పలున్నాయి, అడవికోళ్లున్నాయి, ఆ చెట్లున్నాయి. ఉడత లేకపోయినా వాటికి బాట కావాలి.”

“అయితే రాయకు.”

“ఎనిమిది–తొమ్మిదిలో దేవాంగపిల్లి నిజంగా ఉంటే?”

“ఆడా నీలాంటి పుస్తకాల మనిషే ఉంటే?” అని కట్టేసింది.

217వ రోజు

ఆవిడ అడిగింది తప్పు కాదు. ఎనిమిదిలో ఉన్నదీ తొమ్మిదిలో ఉన్నదీ ఇంకో ఇద్దరు ఒంటి మనుషుల డబ్బాలు కావని ఎవరు చెప్పగలరు? కాకపోతే అక్కడ ఏముందో నాకు తెలియదు. ఇక్కడ ఏం లేదో తెలుసు. తెలియనిదాన్ని అడ్డం పెట్టుకుని తెలిసినదాన్ని దాచడం ఎలా? ఇంకో గంట గడిచేసరికి దీనికి ఎదురు వాదన కూడా దొరికింది. ‘లేదు’ అనకుండా ‘వినబడలేదు’ అని రాస్తే? అది అబద్ధం కాదు. అబద్ధం కాదన్నంత మాత్రాన నిజమూ కాదు.

పదకొండింటికి మండలిలో లెక్కలు చూసే ప్రణీత్‌కు ఫోన్ చేశాను. మర్యాదస్తుడైన కుర్రాడు, ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

“మేడమ్, సున్నా పెడితే ఆ గడి లాక్ అయిపోతుంది. మళ్లీ తెరవడానికి నాక్కూడా పర్మిషన్ ఉండదు. ఇంకో నెల చూడకూడదా?”

“నెలలో నిర్ణయం అయిపోతుంది కదా.”

“అదే మేడమ్ నేననేది.”

స్పీకర్ అంచుకు మార్చిన సంగతి కూడా చెప్పాను. అతను “అది మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు” అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు.

పదకొండూ నలభైకి సున్నా పంపాను. తర్వాత పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే మాడిపోయింది.

నాలుగింటికి రేడియో పెట్టాను. ఆవిడ రాలేదు.

224వ రోజు

ఏడు రోజులు. నాలుగింటికి పెడతాను, అయిదింటికి కట్టేస్తాను. దండెం మీద చీర మారుతోంది కాబట్టి మనిషి బాగానే ఉంది.

మాట్లాడే అలవాటు పోతుందేమోనని ఇవాళ మద్ది చెట్టు కింద నిలబడి గట్టిగా నా పేరు చెప్పుకున్నాను. తరళ. రెండోసారి చెప్పడానికి సిగ్గేసింది.

230వ రోజు

బండి వచ్చింది. నిర్ణయం కూడా. చెట్టుబాట ఎనిమిది–తొమ్మిదికి. ముప్పై రెండు రద్దు, నలభై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. నామీద నియమం తప్పినందుకు ఒక హెచ్చరిక. తక్కువే అది.

వెనక కాగితంలో ఎవరెవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో జాబితా ఉంది, తేదీలు నా రోజుల్లోకి మార్చి రాస్తున్నాను. ముప్పై ఒకటి: కొండ ఉడత, సున్నా, 217వ రోజు, పదకొండూ నలభై. దానిపైన ఇంకో వరుస. ముప్పై రెండు: కొండ ఉడత, సున్నా, 216వ రోజు, తొమ్మిదీ ఇరవై.

తొమ్మిదింటికి కదా ఆవిడ అంచు నుంచి లేచి వెళ్లింది.

తిన్నగా వెళ్లి రాసేసింది. నేను ఆ తర్వాత ఇరవై ఆరు గంటలు ఆలోచించాను. సాయంత్రం ‘నీ సున్నా నా ఇల్లు’ అన్నప్పటికే ఆవిడ సున్నా వెళ్లిపోయి ఉంది. ఇల్లు అప్పటికే పోయింది. ఆ మాట చెప్పలేదు. చెబితే నేను ఆవిడ సున్నా చాటున దాక్కుని రాసేదాన్నని చెప్పలేదా? నేనేం చేస్తానో చూద్దామని చెప్పలేదా? లేక తిట్టడానికి ఒక మనిషి కావాలి, ఆ పూటకు నేనున్నాను, అంతేనా? ఎన్నిసార్లు తిప్పి చూసినా తేలడం లేదు.

266వ రోజు

ఇవాళ బండిలో ఆవిడ వచ్చింది.

ముందురోజు రేడియోలో ఒక్క ముక్క చెప్పింది: “రేపు నీ సోటు మీంచే పోతాను. సరుకులు దింపుకోటానికి రా, ఆలీసం సెయ్యకు.” అంతే.

నేను ఊహించినదానికంటే పొట్టిగా ఉంది. రెండు మూటలు, ఒక గొడ్డలి, పెద్ద అల్యూమినియం గిన్నె. బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఉంది. దిగి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“సన్నగా ఉన్నావేటి. పప్పు తింటే అంతే.”

“ఎక్కడికి పిన్నీ?”

“ఎనిమిదో తునకకి. బాట నాటడానికి మనుషులు కావాలన్నారు. గోతులు తవ్వడం నాకు రాదా?”

“మీరు ముందే రాసేశారు కదా సున్నా. నాకెందుకు చెప్పలేదు?”

“లెక్క మాటలు మాటాడకూడదు” అంది, మొహం తిప్పుకుని. “ఆ డబ్బా ఎక్కడెట్టేవో సూపించు.”

“బండి పదకొండు నిమిషాలే ఆగుతుంది.”

“నీ బియ్యం పోతే పోనీ. రా.”

తూర్పు అంచుకు నడిచాం. ఆవిడ నాకంటే వేగంగా నడిచింది. అంచున మద్ది చెట్టు దాటి నిలబడింది. పలకల తళతళ మీంచి అవతలికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అక్కడ దండెం ఖాళీగా ఉంది. దాని వెనక ముప్పై రెండు, నల్లగా, గుబురుగా. అరచెయ్యి పెడితే మూసుకుపోయేంత.

“నాది ఏదీ?”

“అదే, పిన్నీ.”

చాలాసేపు చూసింది.

“అంతేనా అది?”

నేను తలూపాను.

“అంతదాన్లోనా నేను తప్పిపోతానేమోనని సెట్లకి గాట్లెట్టుకుంటా తిరిగేను!” అంది. నవ్విందో ఏమిటో, భుజాలు కదిలాయి. “ఉడత ఏదో మూల ఉండే ఉంటదనుకునేదాన్ని. మూలెక్కడుంది దాన్లో?”

బండి గంట కొట్టింది, ఇంకో రెండు నిమిషాల్లో కదులుతుంది. ఆవిడ కదల్లేదు. నేను చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, వేడిగా ఉంది. రెండొందల అరవై ఆరు రోజుల తర్వాత ఒక మనిషి చెయ్యి.

తిరిగి నడుస్తూ, నా చెట్ల వైపు ఒకసారి తలెత్తి చూసి అంది:

“నీది ఆపక్కనుంచి సూత్తే సిన్నగా కనపడేదమ్మాయ్. నిన్ను సూసి జాలిపడేదాన్ని. నాది పెద్దదనుకునేదాన్ని.”